ఒక్కపొద్దుకు నగారా

ఒకానొక రాజ్యంలో ఒక నవాబు ఉండేవాడు. రాజ్యమంటే మరీ పెద్దదేం కాదు లెండి, ఆయన కోటలో తుమ్మితే సరిహద్దు అవతలివాళ్లు "నూరేళ్లు!" అనేవారు. ఆర్భాటానికి మాత్రం లోటు లేదు. రంజాను నెలలో ఆయన తెల్లవారుజాము సహరీ భోజనం ముగించగానే నగారా మోగేది. "నవాబుగారు ఒక్కపొద్దు పట్టారహో!" సాయంత్రం మళ్లీ మోగేది. "విడిచారహో!"

ఒక ఏడు రంజానూ, కిరస్తానీల నలభై రోజుల ఉపవాసాలూ కలిసి వచ్చాయి. ఆ ఊళ్లో జనం రెంటినీ ఒక్కపొద్దనే పిలిచేవారు. చిక్కంతా అక్కడే వచ్చింది.

ఒక సాయంత్రం శౌరయ్య అనే కిరస్తానీ నేతగాడు కోటకు తలపాగా బట్ట తెచ్చాడు. అప్పుడే ఒక్కపొద్దు విడిచిన నవాబు దయతలచి, "కూర్చో, బిర్యానీ తిను" అన్నాడు.

"మన్నించాలి హుజూర్. ఒక్కపొద్దులో ఉన్నాను, మాంసం ముట్టను."

నవాబుకు చిర్రెత్తుకొచ్చింది. "పొద్దు గూకింది, నేనే విడిచాను. నీకింకా ఒక్కపొద్దేమిటి? నాకంటే గొప్పవాడివా?"

"అది కాదు హుజూర్, మా పద్ధతి..."

"మేం పగలంతా గుక్కెడు నీళ్లైనా తాగం! ఎవరిది గొప్పో శుక్రవారం సాయంత్రం దర్బారులో తేలాల్సిందే. ఓడినవాళ్లు మంచినీళ్ల బావిలో చేద వెయ్యకూడదు. దస్తగిరీ, తీర్పరివి నువ్వే!"

దస్తగిరి ఆస్థాన విదూషకుడు. శౌరయ్య ఇంటికీ అతని ఇంటికీ ఒకటే గోడ. ఊళ్లో మిగతా బావులన్నీ ఉప్పు కషాయం. ఇద్దరూ ఇంటికి వెళ్లే దారిలో శౌరయ్య లబోదిబోమన్నాడు.

"ఏం చేస్తావు బావా? తాగడానికైనా, నూలుకు గంజి పెట్టడానికైనా మాకు ఆ నీళ్లే గదా! మాది గొప్పంటే మీవాళ్ల గొంతెండుతుంది, మీది గొప్పంటే మావాళ్ల గొంతెండుతుంది."

"ఏడవకు బావా, అసలే నీరసంగా ఉన్నావు" అన్నాడు దస్తగిరి. అన్నాడే గానీ అతనికీ లోపల బెంగగానే ఉంది.

శుక్రవారం సాయంత్రం దర్బారు కిటకిటలాడింది. నవాబు పక్కన ఖర్జూరాల పళ్లెం, వెండి లోటా నిండా నీళ్లు సిద్ధంగా ఉన్నాయి. దస్తగిరి మౌల్వీనీ, పాదిరినీ ముందుకు పిలిచాడు.

"మౌల్వీసాబ్, ఒక్కపొద్దంటే కడుపు మాడ్చుకుంటే చాలా?"

"చాలదు. అబద్ధం, చాడీ మానాలి. ఆకలిగా ఉన్నవాడికి పెట్టాలి."

"గురువుగారూ, మీకో?"

"పద్ధతులు వేరు, ప్రార్థన వేరు. ఆ మాట మాత్రం మాకూ ఉంది" అన్నాడు పాదిరి. "మేం మానుకున్న ముద్ద పేదవాడికి చేరాలి."

"మరి ఒక్కపొద్దును ఊరంతా చాటుకుంటే?"

"దాని ఫలం పోయినట్టే" అన్నాడు మౌల్వీ.

"పొగడ్తలతోనే వాడి కూలి ముట్టిపోయింది" అన్నాడు పాదిరి.

దస్తగిరి కిటికీలోంచి పొద్దు వంక ఒకసారి చూసి, సభవైపు తిరిగాడు. "విన్నారుగా! తమ ఒక్కపొద్దే గొప్పదనేవాళ్లు ముందుకొచ్చి చెప్పండి."

ఒక్కరూ కదల్లేదు.

"హుజూర్, ఎవరిది గొప్పో దేవుడికే ఎరుక. ఓడినవారెవరో మాత్రం ఇప్పుడే తెలుస్తుంది."

"ఎవరు? ఎవరు?" అన్నాడు నవాబు ముందుకు వంగి.

సరిగ్గా అప్పుడే బయట నగారా మోగింది. "నవాబుగారు ఒక్కపొద్దు విడిచారహో!"

నవాబు అలవాటు కొద్దీ లోటా ఎత్తాడు.

"దించండి హుజూర్" అన్నాడు దస్తగిరి వినయంగా. "అవి మంచినీళ్ల బావివి."

నవాబు లోటా వంక చూశాడు, దస్తగిరి వంక చూశాడు. పొద్దుటి నుంచి దాహంతో ఉన్నాడు పాపం. ఆయన మొహం ముందు ఎర్రబడింది, తర్వాత మీసం కదిలింది, ఆఖరికి ఫక్కున నవ్వేశాడు.

"నా హుకుం నా గొంతే పట్టుకుందిరా! బావి అందరిదీ, సరేనా? ఇప్పుడైనా తాగొచ్చా?"

"తాగండి హుజూర్, మేమూ తాగుతాం."

గుటగుటా తాగి నవాబు అన్నాడు: "బహుమానం కోరుకో."

"మీకు తోచింది ఇవ్వండి. నగారా మాత్రం వద్దు."

మర్నాడు పొద్దున్నే దస్తగిరి గుమ్మంలో బుట్టెడు ఖర్జూరాలు, వాటి మీద జరీ శాలువా ఉన్నాయి. గోడ అవతల శౌరయ్య గుమ్మంలోనూ అచ్చంగా అలాంటి బుట్టే. ఎవరు పెట్టారో వీధిలో ఎవరికీ తెలియదు. దస్తగిరి దర్బారుకు వెళ్లి సలాము చేసి, బుట్ట సంగతి అడిగాడు.

"ఏ బుట్ట?" అన్నాడు నవాబు, గడ్డం ఊగేలా నవ్వుతూ.