భూషణం గారి ప్లేటు

బర్నబా మాస్టారికి ఒక అలవాటు ఉండేది. వండినది వడ్డనకు బయటికి పంపాక, చేతిలో తుండుగుడ్డ పట్టుకుని వంటగది కిటికీ దగ్గరికి వెళ్ళి, ముందు గదిలో భోజనానికి కూర్చున్నవాళ్ళు మొదటి ముక్క నోట్లో పెట్టుకునేదాకా నిలబడేవారు. పొయ్యి మీద ఏది మాడిపోతున్నా సరే, కదిలేవారు కాదు. పొగిడించుకోవాలన్న యావ కాబోలని మేమంతా అనుకునేవాళ్ళం, వెనకాల నవ్వుకునేవాళ్ళం కూడా. నవ్వినవాళ్ళలో మొదటిదాన్ని నేనే. నా నోటికి అప్పట్లో తాళం ఉండేది కాదు. ఇప్పుడు మాత్రం ఉందా ఏమిటి!

విశాఖపట్నంలో రైల్వే క్వార్టర్లకి దగ్గరగా, ఒక మందుల షాపు పైన రెండు గదుల్లో మాస్టారు వంట నేర్పేవారు. మేము వండినది ముందు గదిలో డబ్బిచ్చి తినేవాళ్ళకి వడ్డించేవారు. వాళ్ళ నాన్న వాల్తేరులో రైల్వే ఆఫీసర్ల బంగళాలో బట్లరు. మాంసపు స్టేకు కాల్చడం, ఎముకతో కోసిన చాప్స్ ముక్కలు నానబెట్టడం ఆయన తండ్రి దగ్గరే నేర్చుకున్నారు. మా జట్టులో ఏడుగురం. అందరిలోకీ చెయ్యి తిరిగినవాడు పైడిరాజు. ఆ మాట ఒప్పుకోవడానికి అప్పుడు నాకు ప్రాణం పోయేది, ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

చదువు ముగిసే వారంలో పైడిరాజుకి రెండు చోట్ల నుంచి పిలుపు వచ్చింది. ఒకటి కుంపటి స్టేక్ హౌస్. శ్రీకాకుళం నుంచి రాజమండ్రి దాకా పదకొండు ఊళ్ళలో వాళ్ళ హోటళ్ళు ఉండేవి. ఎక్కడికెళ్ళినా అవే ఎర్ర కుర్చీలు, అదే వాసన, అదే రుచి. రెండోది లంగరు. బీచి రోడ్డు మీద పెద్ద హోటల్లో పై అంతస్తు, అద్దాల్లోంచి సముద్రం, వారం ముందు చెప్పుకుంటే గానీ బల్ల దొరకదు. ఇద్దరికీ ఆ సాయంత్రం లోపల జవాబు చెప్పాలి. వాడు తిన్నగా మాస్టారి దగ్గరికొచ్చి నిలబడ్డాడు.

"కుంపట్లో చాప్స్ గడ్డకట్టి సంచుల్లో వస్తాయి మాస్టారూ. ఎవడో, ఎక్కడో నానబెట్టినవి. గంట మోగితే తిప్పాలి, గంట మోగితే తియ్యాలి. దానికి వంటవాడెందుకు, చెవులుంటే చాలదా? లంగర్లో ఆ పూట కోసిన మాంసం. వేలితో నొక్కి చూసి కాలుస్తారు. అసలైన వంట ఏది? నిజమైన రుచి ఎక్కడుంది? మీరే చెప్పండి."

ఓలమ్మ, నాకు ఎక్కడో చురుక్కుమంది. కుంపట్లో చేరతానని రెండు రోజుల కిందటే మాట ఇచ్చి వచ్చాను మరి. ఆ సంగతి వాడికి తెలుసు. తెలిసే నా ఎదురుగా అన్నాడు. "ఆకలి రుచెరగదంటారు. నీకు ఆకలెక్కడిదిలే నాయనా, అంతా అజీర్తేగా" అన్నాను. అందరూ నవ్వారు గానీ, నా కళ్ళు చెమర్చాయి. అది మాస్టారు చూశారు. ఒలుస్తున్న వెల్లుల్లి పక్కన పెట్టి, "నేను రెండు చోట్లా చేశానురా" అన్నారు. లంగర్లో పెద్ద వంటవాడిగా చేశారని మాకు తెలుసు. కుంపటి సంగతి ఎవరికీ తెలీదు. ఆ తర్వాత ఆయన చెప్పినది ఇది.

మాస్టారు కుంపట్లో మూడేళ్ళు చేశారు. అక్కడ పొయ్యి పక్కన గోడకి ఒక కార్డు అంటించి ఉండేది. చాప్స్ ఎప్పుడూ తినేవాళ్ళ వైపు, ఎముక కుడికి తిరిగి. బంగాళాదుంప ఎడమ పక్క. ఉడికిన కూరగాయలు కుడి పక్క. సాసు గిన్నె అవతలి అంచున, నడిమధ్య. నీళ్ళ గ్లాసు కుడిచేతికి జానెడు దూరం. అంగుళం తేడా వస్తే మేనేజరు ప్లేటు వెనక్కి పంపేవాడు. మాస్టారికి ఆ కార్డంటే ఒళ్ళుమంట. "ఇది వంటా, ఇటుకల పేర్పా?" అని తిట్టుకుంటూనే పేర్చేవారు.

అక్కడికి నెలకు రెండుసార్లు ఒకాయన వచ్చేవారు. యాభైకి దగ్గర్లో వయసు, నల్ల కళ్ళజోడు, ఇస్త్రీ చొక్కా. పేరు భూషణం. బళ్ళలో, చర్చీల్లో, నాటక సమాజాల్లో హార్మోనియాలు బాగుచేసి శ్రుతి చేస్తూ ఊళ్ళు తిరిగేవారు. చాప్స్ తెప్పించుకుని, ఎముకకి పిసరు కూడా మిగలకుండా, చొక్కా మీద చుక్క పడకుండా తినేవారు. "అంత నాజూగ్గా తినేవాణ్ణి నేను మళ్ళీ చూడలేదు" అన్నారు మాస్టారు. ఏడాది తర్వాత ఒక రోజు ఆయన లేచి, జేబులోంచి మడత కర్ర తీసి విప్పుతుంటే అప్పుడు తెలిసింది, ఆయనకి కళ్ళు లేవని. ఏడాది పాటు తెలియలేదు! తెలిశాక మాత్రం ఏం చేశారు? అయ్యో పాపం అనుకుని మళ్ళీ పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయారట. కొన్నాళ్ళకి లంగరు వాళ్ళు పిలిచారు. ఆ కార్డుకి ఒక దండం పెట్టి బయటపడ్డారు.

లంగర్లో చేరిన రెండో ఏట, ఒక ఆదివారం మధ్యాహ్నం భూషణం గారు అక్కడికి వచ్చారు. పక్కన సుగుణ అనే ఆవిడ, ఆవిడ అన్నగారు. సుగుణ భీమిలిలో ఆడపిల్లల హాస్టలు చూసుకునేది. పెళ్ళి వద్దనుకుంటూనే నలభై రెండేళ్ళు వచ్చాయి. హాస్టలు హార్మోనియం బాగుచెయ్యడానికి వచ్చిన మనిషితో మాట కలిసింది, తర్వాత మనసూ కలిసింది. అన్నగారికి మాత్రం ఇష్టం లేదు. "పెళ్ళి చేసుకుంటున్నావా, జీవితాంతం చాకిరీకి కుదురుతున్నావా?" అన్నాడట. నలుగురిలో ఆ మనిషి ఎలా నెట్టుకొస్తాడో ఒకసారి చూసి గానీ మాట ఇవ్వనన్నాడు. కుంపట్లో కలుద్దామని భూషణం గారు అడిగితే, "శుభమా అని మాట్లాడుకోవడానికి ఆ కుంపటేమిటి?" అని తీసిపారేసి లంగర్లో బల్ల చెప్పించాడు. ఇదంతా మాస్టారికి తర్వాత తెలిసింది.

ఆ పూట మాత్రం వంటింటి కిటికీలోంచి ఆయన్ని చూడగానే మాస్టారికి సంబరం కలిగింది. ఇన్నాళ్ళూ సంచీ మాంసం తిన్న మనిషికి ఇవాళ అసలు రుచి చూపిస్తాననుకున్నారు. తన చేత్తో కాల్చారు. లంగర్లో ప్లేట్లుండవు, నల్లరాతి పలకలుంటాయి. అంచులుండవు. దాని మీద చాప్స్‌ని ఒకదానికొకటి ఆనించి గోపురంలా నిలబెట్టి, సాసు ఒక మూల కుంచెతో గీసినట్టు గీసి, బంగాళాదుంపలు మరో మూల మూడే మూడు పెట్టి పంపారు. పంపి, తర్వాతి పని చూసుకోవడానికి తిరిగారు. "నాకప్పుడు కళ్ళు నెత్తికెక్కి ఉన్నాయిరా" అన్నారు.

రాయి మీద ఫోర్కు గీరుకున్న చప్పుడుకి వెనక్కి తిరిగి చూశారు. భూషణం గారి చెయ్యి చాప్స్ ఉండవలసిన చోటికి వెళ్ళింది. అక్కడ ఏమీ లేదు. ఎడమకి వెళ్ళింది, అక్కడా లేదు. మూడోసారి కత్తి గోపురానికి తగిలి అంతా కూలింది. ఒక ముక్క బల్ల మీద పడింది, సాసు ఎగిరి సుగుణ కొంగు మీద పడింది. పక్క బల్లల వాళ్ళు తిరిగి చూశారు. అన్నగారు గొంతు తగ్గించనైనా లేదు.

"నువ్వు తినిపించమ్మా. ఇకనుంచి అలవాటు చేసుకోవాలిగా."

భూషణం గారు ఫోర్కు కింద పెట్టేశారు. "నాకు ఆకలిగా లేదండీ, మీరు కానివ్వండి" అని నవ్వబోయారు. బల్ల కింద ఆయన చెయ్యి కర్ర కోసం వెతుకుతోంది. సుగుణ తల వంచుకుంది.

ఇక్కడిదాకా చెప్పి మాస్టారు ఆగారు. తుండుగుడ్డతో మొహం తుడుచుకున్నారు. "నా తల తీసేసినట్టయింది" అన్నారు.

ఆయన తిన్నగా ఆ బల్ల దగ్గరికి వెళ్ళి, పలక తీసేసి, "క్షమించాలి. ఇది సరిగ్గా కాలలేదు. పొరపాటు నాది" అన్నారు. సరిగ్గానే కాలింది. బాగా కాలినదాన్ని కాలలేదని ఆయన జన్మలో అన్నది ఆ ఒక్కసారే. వంటింట్లోకి వచ్చి వెతికితే ముప్ఫై రకాల రాతి పలకలు, చెక్క పలకలు, ఆకుల్లాంటివి, పడవల్లాంటివి ఉన్నాయి గానీ, గుండ్రంగా అంచున్న ప్లేటు ఒక్కటీ లేదు! చివరికి పనివాళ్ళు భోంచేసే తెల్ల పింగాణీ ప్లేటు ఒకటి, అంచున పెచ్చు ఊడినది దొరికింది. కడిగారు. అదే పొయ్యి మీది చాప్స్, అవే దుంపలు. గోడ మీద కార్డు లేకపోయినా చేతికి గుర్తుంది. చాప్స్ ఇటు వైపు, ఎముక కుడికి. దుంపలు ఎడమ. కూరగాయలు కుడి. సాసు అవతల. తనే తీసుకెళ్ళి, ఆయన ముందు పెట్టి, గ్లాసుని జానెడు దూరానికి జరిపి, రెండే మాటలన్నారు.

"కుంపటి ప్లేటండీ."

భూషణం గారి చెయ్యి కర్రని వదిలేసింది. ఫోర్కు తిన్నగా ముక్క మీదికి వెళ్ళింది, కత్తి ఎముక వెంట దిగింది. ఒక ముక్క నమిలి, "కుంపట్లో కంటే మాంసం బాగుందండోయ్" అన్నారు. ఇక ఆ మనిషికి మాటలొచ్చాయి. పలాస బడిలో హార్మోనియం విప్పితే లోపల ఎలుక పిల్లల్ని పెట్టి ఉందని, నిషాదం నొక్కితే కిచకిచమన్నదని, హెడ్మాస్టరు అది కొత్త రాగమనుకున్నాడని చెప్పేసరికి అన్నగారికి నీళ్ళు పొలమారాయి. నవ్వకూడదనుకుంటూనే నవ్వాడు. సుగుణ నవ్వలేదు. ఆవిడ ఆ ప్లేటు వంకే చూస్తోంది. చూసి చూసి, తన ముందున్న రాతిపలకని పక్కకి జరిపింది.

"నాక్కూడా అచ్చం అలాగే పెట్టి తీసుకురండి. ఏది ఎక్కడ పెట్టాలో నేను చూసుకోవాలి."

అన్నగారు నవ్వడం ఆపి చెల్లెలి మొహంలోకి చూశాడు. భూషణం గారు నీళ్ళు తాగుదామని గ్లాసు ఎత్తి, తాగకుండా చాలాసేపు అలాగే పట్టుకున్నారట.

మా అందరిలో పైడిరాజే ముందు అందుకున్నాడు. "పెళ్ళయిందా మాస్టారూ?" అన్నాడు.

"కాకేం! ఏటా క్రిస్మస్‌కి నా భోజనం వాళ్ళింట్లోనే. చాప్స్ ఆవిడ కొంచెం మాడుస్తుంది." అలా అంటూ మాస్టారు ఎంత ఇష్టంగా నవ్వారో!

"అయితే నన్ను కుంపటికి వెళ్ళమంటారా?"

"మాంసం లంగర్లోదే మంచిదిరా. అబద్ధమెందుకు?"

"మరి లంగరుకే వెళ్ళనా?"

మాస్టారు మళ్ళీ వెల్లుల్లి చేతిలోకి తీసుకున్నారు. వాడు నా వంక చూశాడు, నేను వాడి వంక చూశాను. ఆ కిటికీ దగ్గర నిలబడ్డ ఆయన్ని చూసి అన్నాళ్ళు నవ్వినందుకు నాకు చచ్చేంత సిగ్గేసింది. రెండు రెబ్బలు ఒలిచాక ఆయన తలెత్తకుండానే అన్నారు.

"ఎక్కడైనా చెయ్యండర్రా. ప్లేటు పంపాక మాత్రం, కిటికీ దగ్గర కొంచెంసేపు నిలబడండి."