పాదాలు విన్న తాళం

నెల్లూరు సంతపేటలో హోషేయ అనే గిటారు వాద్యకారుడు ఉండేవాడు. వాయించడంలో అతని వేళ్ళు ఎంత ధారాళమో, పక్కవాణ్ణి మెచ్చుకోవడంలో అతని నోరు అంత పిసినారి.

పెళ్ళి రిసెప్షన్లు, చర్చి పండుగలు, కాలేజీ వేడుకలు, ఎక్కడ పాట ఉంటే అక్కడ అతని గిటారు ఉండేది. పక్కన డోలక్ వాయించడానికి కోటమిట్ట నుంచి కాలేషా వచ్చేవాడు. కాలేషా వయసులో పెద్దవాడు, తెల్లగడ్డం మనిషి. హోషేయ అతన్ని "మామా" అని పిలిచేవాడు. మర్యాద ఆ పిలుపు దగ్గరే ఆగిపోయేది. పాట అయ్యాక జనం చప్పట్లు కొడితే హోషేయ ఒక్కడే ముందుకొచ్చి తలవంచేవాడు. వెనక ఇంకో మనిషి కూర్చున్నాడని ఏనాడూ చెయ్యి చూపించేవాడు కాదు.

ఒకసారి టీ కొట్టు దగ్గర ఎవరో, "మీ ఇద్దరి జోడీ బాగా కుదిరిందండీ" అన్నారు.

"జోడీ ఏముంది? పాటంతా గిటారుదే. కాస్త చప్పుడు తోడుంటే నిండుగా ఉంటుందని డోలక్ పెట్టుకున్నాం" అన్నాడు హోషేయ.

కాలేషా ఆ మాట విన్నాడు. గ్లాసులో టీ ఊదుకుంటూ నవ్వాడు. "చప్పుడుకి కూడా టీ ఇప్పిస్తుండాడు. మంచోడే" అన్నాడు. హోషేయకు అందులో ఉన్న నొప్పి తగల్లేదు. నవ్వు మాత్రమే కనిపించింది.

ఊరి చివర చెవిటి పిల్లల బడి ఒకటి ఉండేది. ఏటా అక్కడ వార్షికోత్సవం జరిగేది. చెక్క బల్లలు పరిచి స్టేజీ కట్టేవాళ్ళు. పిల్లలు దాని మీద కోలాటం ఆడేవాళ్ళు. హోషేయ, కాలేషా వాళ్ళ కోసం ఊరికే వాయించి వచ్చేవాళ్ళు. చెవులు వినపడని పిల్లలు అడుగు తప్పకుండా ఎలా ఆడుతున్నారో హోషేయ ఏనాడూ ఆలోచించలేదు. ఎదురుగా నిలబడి సుగుణ టీచరు చేతులు ఊపుతుంది కదా, అందుకే ఆడుతున్నారనుకున్నాడు. తన పాటలోనే ఏదో మహిమ ఉందని కూడా లోపల్లోపల అనుకునేవాడు.

ఆ ఏడు వార్షికోత్సవం దగ్గర పడుతుండగా కాలేషా చేపల మార్కెట్టు దగ్గర తడి నేల మీద జారి పడ్డాడు. కుడిచేతి మణికట్టు విరిగింది. డాక్టరు మోచేతి దాకా కట్టు వేశాడు. సంగతి తెలిసి హోషేయ ఫోన్ చేశాడు.

"నువ్వు విశ్రాంతి తీసుకో మామా. బడి ప్రోగ్రాం నేనొక్కణ్ణే లాగించేస్తాను."

అవతల నుంచి కాలేషా, "సరేబ్బా. వాయించేటప్పుడు ఆ బిడ్డల కాళ్ళు చూస్తా ఉండు" అన్నాడు.

ఆ మాటను హోషేయ పెద్దగా పట్టించుకోలేదు.

మర్నాడు పొద్దున గిటారు భుజాన వేసుకుని రిహార్సల్ కోసం బడికి వెళ్ళాడు. పిల్లలు కోలలు పట్టుకుని, చెప్పులు విడిచి, స్టేజీ మీద వరసగా నిలబడ్డారు. హోషేయ కుర్చీలో కూర్చుని వాయించడం మొదలుపెట్టాడు. ఆ రోజు చెయ్యి బాగా కుదిరింది. కళ్ళు మూసుకుని పల్లవి, చరణాలు అన్నీ పూర్తిచేశాడు. కళ్ళు తెరిచి చూస్తే ఒక్క బిడ్డా కదల్లేదు. అందరూ అతని వైపే చూస్తున్నారు.

సుగుణ టీచరు చేతులు ఊపి పిల్లల్ని కదిలించింది. నాలుగు అడుగులు వేసేసరికి ఒకరి కోల ఇంకొకరి వేలికి తగిలింది. వరస చెదిరిపోయింది. ముందు వరసలో ఉన్న లోహిత అనే అమ్మాయి కిందకు వంగి బల్లల మీద అరచెయ్యి ఆనించింది. కాసేపు అలాగే ఉంచింది. తర్వాత హోషేయ వైపు తిరిగి చేతులతో ఏదో అడిగింది.

"ఏమంటోందండీ?" అన్నాడు హోషేయ.

సుగుణ టీచరు కొంచెం తటపటాయించింది. "పాట ఇంకా మొదలుపెట్టలేదా అని అడుగుతోంది" అంది.

హోషేయ తీగల మీంచి చెయ్యి తీశాడు. ఎన్నో స్టేజీలు ఎక్కాడు. బాగా లేదన్న మాట కూడా అప్పుడప్పుడూ పడ్డాడు. కానీ పాటంతా వాయించాక, ఇంకా మొదలుపెట్టలేదా అని ఎవరూ అడగలేదు.

"వీళ్ళు పాదాలతో వింటారండీ" అంది టీచరు. "కాలేషా గారు డోలక్ ఒళ్ళో పెట్టుకునేవారు కాదు, చూశారు కదా? బల్లల మీద ఆనించి వాయించేవారు. ఆ దెబ్బ చెక్కలోంచి వీళ్ళ కాళ్ళకు వచ్చేది. నేను చేతులు ఊపేది వరస చూపించడానికే. ఆడించేది ఆయనే. మీకు ఆయన చెప్పలేదా?"

"లేదు" అన్నాడు హోషేయ. అతను అడగనూ లేదు. ఇన్నేళ్ళూ వెనక్కి తిరిగి చూసి ఉంటే ఎవరూ చెప్పకుండానే తెలిసేది.

వేరే డోలక్ వాద్యకారుడి కోసం ఊరంతా ఫోన్లు చేశాడు. పెళ్ళిళ్ళ సీజను. ఎవరూ ఖాళీగా లేరు. పోనీ, కోలాటం ఈసారికి మానేద్దామా అని అడిగాడు.

"మానేస్తే మానేయొచ్చండీ" అంది సుగుణ టీచరు. "కానీ కోవూరు నుంచి, బుచ్చి నుంచి వీళ్ళ అమ్మానాన్నలు కూలి మానుకుని వస్తారు. మా బిడ్డకు ఏదీ చేతకాదేమో అని ఏడాదంతా దిగులు పడేవాళ్ళు, ఆ ఒక్కరోజు వీళ్ళ ఆట చూసి ధైర్యం తెచ్చుకుని పోతారు."

హోషేయ గిటారు సంచిలో పెట్టుకుని నేరుగా కోటమిట్ట వెళ్ళాడు.

కాలేషా వరండాలో మంచం మీద కూర్చుని ఉన్నాడు. కట్టు వేసిన చెయ్యి మెడ నుంచి వేలాడుతోంది. అతని భార్య ఖాసింబీ టీ తెచ్చి ఇచ్చింది. హోషేయ టీ తాగాడు. చెయ్యి నొప్పిగా ఉందా అని అడిగాడు. వానల గురించి మాట్లాడాడు. వచ్చిన పని మాత్రం చెప్పలేదు.

"బడికి పోయినట్టుండావే" అన్నాడు కాలేషా.

అప్పుడు హోషేయ జరిగిందంతా చెప్పాడు. లోహిత అడిగిన మాట కూడా దాచలేదు. చివరికి, "నాకు చేతకాలేదు మామా. నువ్వే ఏదో దారి చూపించాలి" అన్నాడు.

కాలేషా అతని ముఖం చూశాడు. దెప్పిపొడవడానికి అంతకంటే మంచి సమయం దొరకదు. కానీ అతను అలాంటి మనిషి కాదు.

"డోలక్ ఇప్పటికిప్పుడు నీకు రాదు. అయినా నీ చేతిలో ఉండేది కూడా చెక్కపెట్టెగా. ఆ గిటారు ఇట్లా తీ" అన్నాడు.

ఎడమచేత్తో గిటారు ఒంటిని అక్కడా ఇక్కడా తట్టి చూశాడు. నడుమ గుండ్రటి రంధ్రానికి కాస్త పైన మణికట్టు దగ్గరి అరచేతి భాగంతో కొడితే 'దుమ్' అని లోతుగా పలికింది. పక్క చెక్కను వేళ్ళ కొసలతో కొడితే 'టక' అని పదునుగా పలికింది. తీగల మీద అరచెయ్యి చరిస్తే పొడిగా ఒక చప్పుడొచ్చింది.

"చూడు. డోలక్‌లో ఉండే రెండు గొంతులూ దీంట్లోనే ఉండాయి. నువ్వు పాట వాయిస్తానే ఇవి కూడా పలికించాల. నీ గిటారులో మైకుంది కదా, ఆ స్పీకరు పెట్టె బల్లల మీదే పడుకోబెట్టు. దుమ్మని కొడితే చెక్కంతా అదురుద్ది."

వినడానికి తేలికగానే ఉంది. హోషేయ మొదలుపెట్టాడు. దెబ్బ వేస్తే పాట ఆగిపోయింది. పాట పట్టుకుంటే దెబ్బ తప్పిపోయింది. ఒకే చెయ్యి తీగ మీటాలి, చెక్క కొట్టాలి, మళ్ళీ వేళకు తీగ మీదకు రావాలి. అరచెయ్యి ఎర్రబడింది. కొద్దిసేపటికి అతను విసుగ్గా గిటారు పక్కన పెట్టేశాడు.

"నువ్వు కొట్టాలనే చూస్తుండావు. అది కాదు" అన్నాడు కాలేషా. "నీ పాటలో ఖాళీలుండాయి. ఇన్నేళ్ళూ వాటిల్లో నేను కూర్చున్నా. ముందు ఆ ఖాళీ యాడుందో విను. అది వినపడితే చెయ్యి దానంతటదే పోద్ది."

అతను నోటితో తాళం చెబుతూ, ఎడమచేత్తో హోషేయ మోకాలి మీద తట్టాడు. హోషేయ ఆ తట్టు మీదే మనసు పెట్టి వాయించాడు. రెండో చరణం దగ్గరికి వచ్చేసరికి మోకాలి మీద కాలేషా చెయ్యి బరువుగా ఆనింది.

"ఇక్కడ నువ్వు పరిగెత్తుతావు" అన్నాడు. "ప్రతిసారీ పరిగెత్తుతావు. నేను వెనక నుంచి పట్టుకుంటా ఉండేవాణ్ణి."

హోషేయ వాయించడం ఆపేశాడు. రెండో చరణంలో తన చేతికి ఒక ఒడుపు ఉందని, జనం అక్కడే ఊగిపోతారని అతను గర్వపడేవాడు. ఆ ఒడుపు సగం ఈ మనిషిదని ఇప్పుడు తెలిసింది.

"ఎప్పుడూ చెప్పలేదే మామా" అన్నాడు మెల్లగా.

"పాట బాగుంటే చాలు గదబ్బా. చెప్పేదేముంది" అన్నాడు కాలేషా.

ఆ వారమంతా హోషేయ రోజూ మధ్యాహ్నం కోటమిట్ట వెళ్ళాడు. ఖాసింబీ లోపల వంట చేసుకుంటూ, దెబ్బ తప్పినప్పుడల్లా కిటికీలోంచి తొంగి చూసేది. తొంగి చూడటం తగ్గుతున్నకొద్దీ అతనికి ధైర్యం పెరిగింది. చివరికి ఒకరోజు పాట, తాళం రెండూ ఒకే చేతిలోంచి కలిసి వచ్చాయి. కాలేషా కళ్ళు మూసుకుని విన్నాడు. తప్పేమీ చెప్పలేదు.

మళ్ళీ బడికి వెళ్ళినప్పుడు స్పీకరు పెట్టెను బల్లల మీద పడుకోబెట్టారు. పిల్లలు వరసగా నిలబడ్డారు. హోషేయ ఈసారి కళ్ళు మూసుకోలేదు. పిల్లల పాదాలనే చూస్తూ మొదటి దెబ్బ వేశాడు. చెక్క అదిరింది. లోహిత కాలివేళ్ళు కొంచెం ముడుచుకుని, విచ్చుకున్నాయి. ముఖం వెలిగిపోయింది. ఆ పిల్ల చుట్టూ చూసి, గడ్డం దువ్వుకుంటున్నట్టు సైగ చేసింది.

"గడ్డం తాత వచ్చాడా, ఎక్కడున్నాడు అని వెతుకుతోంది" అంది సుగుణ టీచరు. "అది ఆయన తాళమేనట."

హోషేయకు కళ్ళు చెమర్చాయి. దెబ్బ మాత్రం తప్పనివ్వలేదు.

వార్షికోత్సవం నాడు ఆవరణంతా జనం. కాలేషా కూడా మెడలో వేలాడే చేత్తో వచ్చి, వెనక వరసలో ఖాసింబీ పక్కన కూర్చున్నాడు. కోలాటం మొదలైంది. కోలకు కోల తగిలింది. వరసలు విడిపోయాయి, అల్లుకున్నాయి, మళ్ళీ కలిశాయి. రెండో చరణం దగ్గర హోషేయ చెయ్యి అలవాటు కొద్దీ పరుగందుకోబోయింది. ఆగమని చెప్పే చెయ్యి మోకాలి మీద ఉన్నట్టే అనుకుని నిదానించాడు. పిల్లలు అడుగు తప్పలేదు. బుచ్చి నుంచి వచ్చిన లోహిత తల్లి నిలబడిపోయి చూసింది. పక్కనున్న ఆవిడతో, "ఆ ముందరున్నది మా పిల్లే" అని మళ్ళీ మళ్ళీ చెప్పింది.

ఆట అయ్యాక ముఖ్య అతిథి మైకు అందుకున్నారు. "గిటారు, డోలక్ రెండూ ఒక్కరే వాయించడం నేనెప్పుడూ చూడలేదు. ఇద్దరి పని ఒంటిచేత్తో చేసిన హోషేయ గారికి గట్టిగా చప్పట్లు కొట్టండి" అన్నారు.

చప్పట్లు మోగాయి. పిల్లలు చేతులు పైకెత్తి గాల్లో ఆడించారు. అది వాళ్ళ చప్పట్లు. హోషేయ ముందుకు వచ్చాడు కానీ తలవంచలేదు. మైకు అడిగి తీసుకున్నాడు.

"అయ్యా, ఒంటిచేత్తో కాదు" అన్నాడు. "ఈ చేతిలో ఉన్న తాళం కాలేషా మామది. చెయ్యి విరిగి మంచాన ఉన్నా కూర్చోబెట్టి నేర్పాడు. ఇన్నేళ్ళుగా ఈ పిల్లల్ని ఆడించింది ఆయనే. నన్ను నిలబెట్టింది కూడా ఆయనే. నేను ఒక్కసారీ వెనక్కి తిరిగి చూడలేదు. ఆయన అదిగో, ఆ వెనక వరసలో ఉన్నాడు."

జనమంతా వెనక్కి తిరిగారు. కాలేషా ఇబ్బందిపడి తలవంచుకున్నాడు. హోషేయ స్టేజీ దిగి, కుర్చీల మధ్య నుంచి నడిచి, అతని ముందు నిలబడ్డాడు. సుగుణ టీచరు దగ్గర ఆ పొద్దున్నే నేర్చుకున్న సైగ చేశాడు. చుబుకం దగ్గర అరచెయ్యి ఆనించి, దాన్ని ముందుకు చాపాడు. పిల్లల భాషలో అది కృతజ్ఞత.

కాలేషాకు ఆ సైగ తెలుసు. ఎడమచేత్తో అతని చెయ్యి పట్టుకుని, "కూర్చోబ్బా, జనం చూస్తుండారు" అన్నాడు. ఖాసింబీ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. అప్పటికే పిల్లలు స్టేజీ దిగి పరిగెత్తుకొచ్చి గడ్డం తాతను చుట్టుముట్టారు.

చెయ్యి బాగయ్యాక కాలేషా మళ్ళీ డోలక్ పట్టాడు. పెళ్ళి మేళాలు కుదిర్చే ఒకాయన హోషేయను పక్కకు పిలిచి, "ఇప్పుడు రెండూ నీకే వచ్చుగదా, ఇంకా ఆయన ఎందుకు?" అన్నాడు.

"ఆయన ఏం చేస్తున్నాడో నాకు ఇప్పుడే తెలిసిందండీ. ఇప్పుడెలా వదులుకుంటాను?" అన్నాడు హోషేయ. ఆ తర్వాత ఏ స్టేజీ మీదైనా పాట అవగానే అతను ముందు కాలేషా వైపు చెయ్యి చూపించేవాడు.

మన పనికి మెప్పు దక్కినప్పుడు అందులో కలిసి ఉన్న ఇతరుల శ్రమను గుర్తించాలి. వాళ్ళు మన పక్కన ఉండగానే, నలుగురి ముందూ నోరారా కృతజ్ఞత చెప్పుకోవాలి.