పదిమందిని మోసే ర్యాంపు

ఓబులేసుకు ఒకటే దిగులు. గిద్దలూరులో ఖాసిం సాయిబు వెల్డింగ్ షెడ్డులో చేరి ఎనిమిదేళ్లయింది. చేయి తిరిగింది. అయినా సొంత షెడ్డు పెట్టుకుంటానంటే గురువు ఊ అనడు.

"నేను వేలు పెట్టి దిద్దే పని లేకుండా ఒక్క వస్తువు చెయ్యరా. ఆ రోజే వెళ్దువుగాని," అనేవాడు.

అలాంటి రోజుల్లో మెకానిక్ ఎలమంద వచ్చాడు. ఘాట్ రోడ్డులో ఆగిపోయిన మోటారుసైకిళ్లను తన వ్యానులో వేసుకొచ్చి బాగుచేయడం అతని బతుకు. తోడెవరూ లేరు. పోయిన వానాకాలం చెక్క మీదుగా ఎక్కిస్తుంటే బండి జారి కాలి మీద పడింది. అప్పటినుంచీ కుంటుతున్నాడు.

"ఇంకోసారి పడితే నేను లేవను సాయిబూ. గట్టి ర్యాంపు ఒకటి చేసిపెట్టు."

"నేను చేస్తా ఉస్తాద్," అన్నాడు ఓబులేసు.

నాలుగు రోజులు తిండీ నిద్రా మరిచి చేశాడు. టైరు పక్కకు జారకుండా అంచులు లేపిన ఇనుప పట్టీ. వ్యాను అంచును గట్టిగా పట్టుకునే కొక్కేలు. పక్కన వెల్డింగుతో తన పేరు కూడా రాసుకున్నాడు.

అయిదోనాడు ఎలమంద చూస్తుండగా షెడ్డు ముందున్న మోటారుసైకిలెక్కి, స్టార్ట్ చేసి, తల వంచి ఒక్క ఊపున వ్యానులోకి పోనిచ్చాడు.

"పదిమంది నిలబడ్డా వంగదు ఉస్తాద్!"

"బండేంది సాయిబూ, ఏనుగునైనా ఎక్కించొచ్చు!" అని ఎలమంద మురిసిపోయాడు.

సాయిబు బండిని కిందికి దింపించాడు. తాళం తీసి జేబులో వేసుకున్నాడు.

"ఇప్పుడు ఎక్కించు."

"తాళం లేకుండానా?"

"ఎలమంద తెచ్చేవి నడిచే బండ్లా?"

ఓబులేసు నవ్వి, హ్యాండిల్ పట్టుకుని తోశాడు. ముందు చక్రం ఎక్కింది. వెనక చక్రమూ ఎక్కింది. బండి పైకి పోతోంది, తను మాత్రం నేల మీదే ఉన్నాడు. హ్యాండిల్ రొమ్ము దాటింది, భుజం దాటింది. పట్టీ మీద కాలు పెడదామంటే టైరుకు తప్ప దేనికీ చోటు లేదు. బండి అతని మీదికి ఒరిగింది. పైకి నెట్టలేడు, కిందికి దించలేడు.

"ఉస్తాద్!"

అప్పటికే పక్కకొచ్చి నిలబడ్డ సాయిబు సీటు కింద భుజం పెట్టాడు. ఎలమంద వెనక నుంచి పట్టుకున్నాడు. ముగ్గురూ కలిసి మెల్లగా దింపారు.

ఎలమంద వంగి తన కాలు నిమురుకున్నాడు.

"పదిమందిని మోస్తుందన్నావు," అన్నాడు సాయిబు. "నడిచే ఒక్కడికి చోటేదిరా?"

ఓబులేసు పట్టీ పక్కనున్న తన పేరు వంక చూశాడు. లోపలికి పోయి ఇంకో ఇనుప పలక తెచ్చి పట్టీ పక్కన పరిచాడు. సుద్దముక్క తీసుకుని మోకాళ్ల మీద కూర్చున్నాడు.

"అన్నా, ఇక్కడ ఒకసారి కాలు పెట్టు. కొలత తీసుకుంటా."

ఎలమంద మంచి కాలు పెట్టాడు.

"అది కాదన్నా," అన్నాడు ఓబులేసు. "రెండోది."

సాయిబు జేబులోంచి బండి తాళం తీసి బల్ల మీద పెట్టాడు. ఇక తను వేలు పెట్టే పని లేదన్నట్టు, మళ్లీ అటు చూడకుండా మధ్యాహ్నం నమాజుకు నడిచాడు.