గోతాం మామ పరుపు

అనగనగా, వానాకాలం వస్తే మబ్బులు దిగొచ్చి చెట్ల కొమ్మల మీద కూర్చునే ఒక కొండ అడవి. ఆ కొండ మీద నుంచి ఒక గెడ్డ, అంటే చిన్న వాగు, గలగలా కిందికి పారేది.

ఆ కొండ మీద ఒక ఆచారం ఉంది. తొలి వాన పడగానే జంతువులన్నీ గెడ్డలోకి దిగాలి. అడ్డుపడిన ఆకులూ కొమ్మలూ తీసి నీటికి దారి చెయ్యాలి. రమ్మని ఎవరూ ఎవరినీ పిలవరు. ఒకరు దిగితే, పక్కన ఇంకొకరు దిగుతారు. చిరుతపులికి కూడా మినహాయింపు లేదు. దాని మీసాలకు బురద అంటితే కుందేళ్ళు పడీపడీ నవ్వుతాయి. ఆ ఒక్కరోజూ నవ్వచ్చు.

అక్కడ చిట్టిముల్లు అనే ఏదుపంది పిల్ల ఉండేది. మట్టి తవ్వడంలో దానికి సాటి లేదు. కానీ ఆ ఏడు తొలి చినుకు పడగానే మూతి ముడిచింది.

"ఏటా ఇదే బురదా? నేను పట్నం పోతా. మామ ఇంట్లో హాయిగా ఉంటా!" అంది.

పట్నంలో ఉన్న ఆ మామ ఒక పందికొక్కు. నిజానికి వాళ్ళకి ఏ చుట్టరికమూ లేదు. ఇద్దరి పేర్లలోనూ పంది ఉంది కాబట్టి వరస కలిపేసుకున్నారు.

అనాసపళ్ళ లారీ ఒకటి కొండ దిగుతోంది. చిట్టిముల్లు అందులోకి ఎక్కి పళ్ళ మధ్య ముడుచుకుంది. ముళ్ళలో ముళ్ళు కలిసిపోయాయి. మార్కెట్లో సరుకు దింపే ఆయన దాన్ని చూసి, "ఓరి నాయనో! ఈ పండుకి కళ్ళున్నాయిరా!" అని గెంతాడు. అది ఒక్క దూకు దూకి మురుగుకాలవలో పడింది.

"రావే కోడలా!" అంటూ ఎదురొచ్చాడు గోతాం మామ. దొరికిన ప్రతి గోతాన్నీ, ప్రతి ప్లాస్టిక్ సంచినీ ఈడ్చుకొచ్చి, ముడులేసి పరుపు చేసుకోవడం ఆయన అలవాటు. ఎంత పెద్ద పరుపంటే, కాలవ మూతి మొత్తం దానికే సరిపోయింది.

పట్నం భలేగా ఉంది! తడి రోడ్డు మీద రంగురంగుల దీపాలు ఈదుతున్నాయి. ఒకవైపు కాల్చిన మొక్కజొన్న వాసన, ఇంకోవైపు మిరపకాయ బజ్జీల వాసన. చిట్టిముల్లుకి నవలడంతోనే సరిపోయింది.

మొదటి పెద్దవాన పడింది. కాలవలో నీళ్ళు పాదాల దాకా వచ్చాయి.

"మామా, ఇక్కడ ఏదో అడ్డుపడింది. తియ్యరా?"

"అది మన పని కాదే. ఎవరో వస్తారు, తీస్తారు."

"ఎవరు?"

"ఎవరో అంటే ఎవరోనే! చుట్టపుచూపుగా వచ్చావు, తిని పడుకో."

తిని పడుకుంది.

రెండో వాన పడింది. నీళ్ళు పొట్ట దాకా వచ్చాయి. ఎలుకలు తమ గుమ్మం ముందున్న చెత్తను పక్కింటి ముందుకు తోశాయి. పక్కింటివాళ్ళు ఆ పక్కింటికి తోశారు. చిట్టిముల్లు కూడా తాను తిన్న మొక్కజొన్న బెండ్లను కాలితో అటే తోసేసింది. అంతా పోయి పోయి పల్లంలో ఉన్న చుంచెలుక సూదిమూతి గుమ్మం ముందు ఆగింది. పిల్లలూ, చెత్త పైవాళ్ళ గుమ్మం ముందు ఎప్పుడూ ఆగదు. కిందివాళ్ళ గుమ్మం ముందే ఆగుతుంది. అది ప్రకృతి నియమం అంటారు, పైవాళ్ళు.

మూడో వాన పడింది. పడుతూనే ఉంది. ఎలుకలూ, ఊరకుక్కా, పైవాళ్ళంతా బతుకుజీవుడా అని గోడెక్కేశారు. అక్కడున్న కాకి గొంతు సవరించుకుంది.

"వాన!"

"నశించాలి!"

"మబ్బుల దౌర్జన్యం!"

"నశించాలి! నశించాలి!"

అందరికంటే గట్టిగా చిట్టిముల్లే అరిచింది. అరుస్తుంటే ఒళ్ళు వెచ్చబడి ఎంతో బాగుంది.

అప్పుడు కింద నుంచి సూదిమూతి పిలిచింది. "అయ్యా, అమ్మా! మీ నినాదాలు బాగున్నాయి. ఎవరైనా ఒక్కరు దిగుతారా? నా పిల్లలు లోపల ఉన్నారు. నీళ్ళు గుమ్మం ఎక్కుతున్నాయి."



"ఒక కమిటీ వేద్దాం," అంది కాకి.

"ఎవరో వస్తారులే అక్కా," అంది ఒక ఎలుక.

ఆ 'ఎవరో' రాడని చిట్టిముల్లుకి తెలిసిపోయింది. ఇన్నాళ్ళూ రాలేదు కదా! కళ్ళు మూసుకుని బుడుంగుమని దూకింది.

ముందు చేతికి తగిలినవి మొక్కజొన్న బెండ్లు. ఎవరివో గుర్తుపట్టింది. సిగ్గుతో ముళ్ళన్నీ వాలిపోయాయి. అయినా ఆగలేదు. వాటిని లాగేస్తే, వెనకాల పరుపు కనిపించింది.

"అది నా పరుపే! ముట్టుకున్నావో, మన చుట్టరికం తెగిపోతుంది!" అని గోడ మీద నుంచి అరిచాడు గోతాం మామ.

"పిల్లల ప్రాణం కంటే నీ పరుపు ఎక్కువా మామా? తెగితే తెగనీ!"

లాగింది. రాలేదు. మళ్ళీ లాగింది. ఎవర్నీ రమ్మనలేదు. పక్కన ఏదో దభీమంది. చూస్తే ఊరకుక్క! "నాకు ఈత రాదు. కానీ లాగడం వచ్చు," అంది. దాని వెనక ఎలుకలు దిగాయి. కమిటీ సంగతి మరిచిపోయి కాకి ఒక సంచి కొస ముక్కుతో పట్టుకుంది.

గోడ మీద మామ ఒక్కడే మిగిలాడు. లోపలి నుంచి పిల్లల కీచుగొంతులు వినిపించాయి.

"తప్పుకోండెహె!" అంటూ ఆయన కూడా దిగాడు. "ఆ పరుపుకి ముడులు వేసింది నేను. మీరు ఇంకో జన్మెత్తినా విప్పలేరు!"

పళ్ళతో కటకటా కొరికాడు. గుళుక్! గుడగుడ! ఒక్కసారిగా నీళ్ళన్నీ కాలవ మూతిలోంచి దూసుకుపోయాయి. ఆ ఊపుకి మామ జారి సూదిమూతి గుమ్మం ముందు బోర్లా పడ్డాడు.

సూదిమూతి లోపలికి పరుగెత్తి, పిల్లలతో బయటికొచ్చింది. అమ్మ తోకని ఒకటి, దాని తోకని ఇంకొకటి నోట కరుచుకుని, రైలుబండిలా వచ్చాయి. దారిలో బురద. బురద మీద మామ వీపు. రైలు అటే ఎక్కింది.

"ఓరినీ, చక్కిలిగింతలు!"

"కదలకు మామా!" అని అందరూ అరిచారు.

మామ కదల్లేదు. ఆఖరి పిల్ల దాటేదాకా ఊపిరి బిగపట్టాడు. పరుపు పోయింది కదా, తర్వాత అక్కడే కటిక నేల మీద ఒళ్ళు వాల్చి, వీధంతా వినపడేలా గుర్రుపెట్టాడు.

నీతి: అందరి పనినీ ఎవరో చేస్తారని గట్టు మీద కూర్చుంటే, ముందు మునిగేది పల్లంలో ఉన్నవాళ్ళు. నువ్వు దిగు, నీ పక్కన ఇంకొకరు దిగుతారు.