పైడి లాగి చూడని పోచ

అనగనగా ఒక అడవి. ఆ అడవిలోకి కూడా ఫోన్లు వచ్చాయి. నవ్వకండి పిల్లలూ, మనకు అంటుకున్నది పిట్టలకు అంటుకోదా ఏమిటి?

ఆ అడవిలో వాగు మీదికి వంగిన ఈతచెట్టు నిండా గిజిగాళ్ళ గూళ్ళే. వాళ్ళలో ఒక పద్ధతి ఉంది. మగపిట్ట గూడు సగం అల్లి ఆగుతుంది. ఆడపిట్ట వచ్చి ఒక్కో గడ్డిపోచా ముక్కుతో లాగి చూస్తుంది. గట్టిగా ఉంటే సరేనంటుంది, లేకపోతే ఎగిరిపోతుంది. కాదన్నందుకు ఎవరూ కోపం తెచ్చుకోరు.

ఆ ఏడు పైడి అనే కుర్రపిట్ట, జిలుగు అనే మగపిట్ట అల్లుతున్న గూడు చూడడానికి వెళ్ళింది. జిలుగు మంచి పనివాడు. పైడి పైనుంచి కిందిదాకా లాగి చూసింది. ఒక్క పోచ కూడా ఊడలేదు. మురిసిపోయి సరేనంది. ఇక గూడు పూర్తయ్యేదాకా ఇద్దరికీ ఫోన్లోనే కబుర్లు. ఈకలు రాలే కాలంలో తీసుకున్న తన బోడితల ఫోటో కూడా పైడి అతనికి పంపింది. ఇద్దరూ పడీ పడీ నవ్వుకున్నారు.

కొన్నాళ్ళకు జిలుగు ఆరాలు మొదలుపెట్టాడు. ఎక్కడికి వెళ్ళినా ఆ చోటు ఫోటో తీసి పంపమన్నాడు. నా మీద ఎంత బెంగో అనుకుని పైడి పంపింది. తర్వాత ఆమె నేస్తం ఉడుత బుజ్జితో మాటలు మానెయ్యమన్నాడు. పైడికి మనసొప్పలేదు. అయినా గొడవెందుకని బుజ్జి పేరు ఫోన్లోంచి తీసేసింది.

మూడోసారి ఫోన్ పాస్‌వర్డు అడిగాడు. ఈసారి మాత్రం పైడి ఇవ్వనంది. వెంటనే సందేశం వచ్చింది.

"ఇవ్వకపోతే నీ బోడితల ఫోటో చెట్టు గ్రూపులో పెడతాను."

పైడి భయపడిపోయింది. రెండు రోజులు గింజ ముట్టలేదు. చెట్టంతా చూసి నవ్వితే ఇక ఏ కొమ్మ మీద కూర్చోవాలి? ఆఖరికి చెట్టుకు పెద్దదిక్కైన నూకాలు పెద్దమ్మ దగ్గరికి వెళ్ళి అంతా చెప్పి ఏడ్చింది. పోచలన్నీ లాగి చూశాను కదా పెద్దమ్మా, ఎక్కడ తప్పు చేశానని అడిగింది.

నూకాలు తిట్టలేదు. ఫోటో ఎందుకు పంపావని కూడా అడగలేదు.

"గూడు లాగి చూశావే తల్లీ, అల్లినవాణ్ణి చూడలేదు. ఒక్కసారి కాదని చూస్తే వాడి సంగతి తెలిసేది. ఇప్పుడు తెలిసింది, అంతే. తప్పు వాడిది. ఆ సందేశాలు చెరపకు, నాతో రా."

తెల్లారగానే పెద్దమ్మ చెట్టు మీది పిట్టలన్నిటినీ పిలిచింది. పైడి ముందుకొచ్చి చెప్పింది.

"నా బోడితల ఫోటో ఒకటి జిలుగు దగ్గరుంది. పాస్‌వర్డు ఇవ్వకపోతే అందరికీ పంపుతానంటున్నాడు. నేను ఇవ్వను. అతని గూడు కూడా నాకు వద్దు."

ఊరికే తమాషాకి అన్నానని జిలుగు నసిగాడు. పెద్దమ్మ ఆ సందేశాలు అందరికీ చదివి వినిపించింది. జిలుగుకు ఒళ్ళు మండింది. అక్కడికక్కడే ఫోటో పంపేశాడు. చెట్టంతా ఫోన్లు ఒక్కసారిగా మోగాయి.

పైడికి సిగ్గేసింది, నిజమే. కానీ కొమ్మ వదల్లేదు. అందరికంటే ముసలి గిజిగాడు ఫోన్ చూసి, పక్కన పెట్టేశాడు.

"ఈకలు అందరికీ రాలతాయి. ఈ ఫోటో ఎవరికీ పంపకండి, తీసెయ్యండి."

ఒక్కొక్కరూ తీసేశారు. జిలుగు ఫోన్లో ఉన్నదాన్ని పెద్దలు దగ్గరుండి తీయించారు. గ్రూపులోంచి అతని పేరు కూడా తీసేశారు. జిలుగు మళ్ళీ గూడు అల్లాడు. ఎప్పటికంటే అందంగానే అల్లాడు. కానీ ఆ ఏడంతా ఒక్క ఆడపిట్ట కూడా ఆ గూటి దగ్గరికి రాలేదు.

పైడి ఆ సభ అయిన రోజే బుజ్జి చెట్టుకు ఎగిరి వెళ్ళి, నీతో మాట్లాడకపోవడం నా తప్పేనంది. బుజ్జి కాసేపు మూతి ముడుచుకుని, తర్వాత పక్కకు జరిగి చోటిచ్చింది. ఇద్దరూ పొద్దు వాలేదాకా కబుర్లు చెప్పుకున్నారు. పైడి ఎక్కడుందో ఎవరికీ ఫోటో పంపలేదు.

నీతి: "కాదు" అంటే ఓర్చుకోలేనిది ప్రేమ కాదు. ఎవరైనా బెదిరిస్తే లోపల దాచుకోకుండా అయినవాళ్ళకు చెప్పండి, సిగ్గుపడాల్సింది బెదిరించినవాళ్ళే.