చింతాలు భుజం

అనగనగా, ఎండలు ముదురుతున్న ఒక అడవిలో చింతాలు అనే కొండముచ్చు ఉండేది. దానికి కుదురంటే తెలీదు పిల్లలూ. ఈ చెట్టు చిగురు నోట్లో ఉండగానే ఇంకో చెట్టు మీద ఉండేది. ఒకరోజు పట్టుకున్న కొమ్మ విరగడంతో అది కిందపడింది. పొట్టను కరుచుకుని ఉన్న దాని పిల్ల బుడ్డికి ఏమీ కాలేదు గానీ, చింతాలు కుడి భుజం విరిగింది.

వైద్యం తెలిసిన ఏదుపంది మత్తు ఆకు నమిలించి, భుజం కోసి, ఎముక సరిచేసి, తన ముల్లుతోనే కుట్లు వేసింది. గాయం ఆరాక, "నా పని అయిపోయింది. ఇక చెయ్యి లేవాలంటే గంటమ్మ దగ్గరికి వెళ్ళు" అంది.

గంటమ్మ ముసలి ఎలుగుబంటి. బిగుసుకుపోయిన కాళ్ళకీ చేతులకీ మళ్ళీ కదలిక తెప్పించడం ఆవిడ పని. ముందు చెయ్యి వేలాడేసి మెల్లగా ఊపమంది. తర్వాత చెట్టు మొద్దు మీద వేళ్ళను పాకిస్తూ పైకి జరపమంది. ఆ రెండూ సులువయ్యాకే కొమ్మ పట్టుకుని వేలాడాలంది. పొద్దునా సాయంత్రం, రోజూ చెయ్యాలంది.

చింతాలుకు ప్రాణం ఉసూరుమంది. బుడ్డి ఇప్పుడు పిన్ని పైడి పొట్టకు అతుక్కుని తిరుగుతోంది. పైడి దూకినప్పుడల్లా చింతాలు చెయ్యి ఊపడం మానేసి పైకి చూసేది. మొద్దు మీద వేళ్ళు కాస్త పైకి వెళ్ళగానే భుజం పొడిచేది. విసుగొచ్చి దించేసేది.

రోజూ ఇంత ఇంత ఎందుకు, ఒక్కసారే చేసేస్తే పోదా అనుకుంది చివరికి. గంటమ్మ చూడకుండా కొమ్మ పట్టుకుని వేలాడింది. మర్నాటికి భుజం తాటికాయలా వాచింది. గంటమ్మ తిట్టలేదు. తడి మట్టి పట్టువేసి, వాపు తగ్గాక మళ్ళీ మొదటి నుంచి ఊపించింది.

ఇంతలో వాగు ఎండిపోయింది. లోయ దాటి అవతలి కొండకు పోదామని కొండముచ్చుల గుంపు బయలుదేరింది. దాటాలంటే లోయ మీద ఒక పెద్ద దూకు దూకాలి. బుడ్డిని తీసుకుని తానూ దూకుతానని చింతాలు పట్టుబట్టింది.

"సరే. చెయ్యి ఒకసారి పైకెత్తు" అంది గంటమ్మ.

చెయ్యి చెవి దాకా వచ్చి ఆగిపోయింది.

"నేను వెళ్ళకపోతే బుడ్డి నన్ను మర్చిపోతుంది పెద్దమ్మా."

"మర్చిపోవచ్చు. కానీ నీ చెయ్యి జారితే, గుర్తుపెట్టుకోడానికి బుడ్డే ఉండదు."

చింతాలు చాలాసేపు అటూ ఇటూ తిరిగింది. తర్వాత బుడ్డిని తనే ఎత్తి పైడికి ఇచ్చింది. పైడి దూకింది. లోయ అవతల నుంచి బుడ్డి ఏడుపు వినబడుతూనే ఉంది.

మర్నాడు గంటమ్మ లేవకముందే చింతాలు మొద్దు దగ్గరుంది. నొప్పి పుట్టినా చెప్పినంతా చేసింది. ఇంకా చెయ్యాలని ఒళ్ళంతా తహతహలాడినా, చెప్పినంత దగ్గరే ఆగింది. ఆ ఆగడమే దానికి కష్టంగా ఉండేది. గంటమ్మ ఇసుకలో చెలమ తవ్వితే ఇద్దరూ ఆ నీళ్ళు తాగి ఎండాకాలం గడిపారు.

తొలకరి పడేనాటికి చెయ్యి తలపైకి లేచింది. చింతాలు కొమ్మ పట్టుకుని వేలాడుతుంటే గంటమ్మ దాని కాళ్ళు పట్టి బరువుగా లాగి చూసింది. చెయ్యి జారలేదు. "ఇక వెళ్ళు" అంది.

చింతాలు దూకింది. భుజం కలుక్కుమన్నా కొమ్మ చేతికి చిక్కింది.

అవతల బుడ్డి దాన్ని చూసి పైడి వెనక దాక్కుంది. లాక్కుని గుండెకు హత్తుకుందామని చింతాలు చేతులు ఆరాటపడ్డాయి. అయినా లాక్కోలేదు. దగ్గరగా కూర్చుని చిగుళ్ళు తుంచి పక్కన పెడుతూ వచ్చింది. పొద్దు వాలేవేళకు బుడ్డి వచ్చి చిగురు తింది. వాసన చూసింది. ఆ తర్వాత తల్లి కుడి చెయ్యి పట్టుకుని ఊగడం మొదలుపెట్టింది. భుజం ఇంకా నొప్పిగానే ఉంది. చింతాలు చెయ్యి దించలేదు.

నీతి: గాయం మానినంత మాత్రాన బలం తిరిగి రాదు. రోజూ చెయ్యాల్సింది చేస్తూ, తొందరపడి చెయ్యకూడనిది మానుకుంటేనే వస్తుంది.