ఇరమయ్య మేపిన దుప్పి

అనగనగా ఒక కొండ. ఆ కొండ ఒళ్ళో కూర్చున్నట్టు ఒక చిన్న గూడెం. దాని పేరు తునికిబండ. కాళ్ళు దుప్పట్లో పెట్టుకో బంగారూ, ఊఁ కొడుతూ విను. ఇప్పుడైతే అడవిలో వేటాడకూడదు కదా, ఇది ఎప్పటిదో పాతకాలపు మాట.

ఆ గూడెంలో ఇరమయ్య అని ఒకడు ఉండేవాడు. తేనె తియ్యాలంటే ఇరమయ్యే. బుట్ట అల్లాలంటే ఇరమయ్యే. వాడు డోలు వాయించాడంటే ముసలమ్మలు కూడా లేచి అడుగు కలిపేవాళ్ళు. అన్నీ వచ్చు గానీ, పాపం, విల్లు పట్టుకుంటే మాత్రం బాణం ఒక దారి, జంతువు ఒక దారి.

ఆ గూడెంలో ఏటా తొలకరికి ముందు విత్తనాల పండగ చేసేవాళ్ళు. పండగనాడు పొద్దున్నే మగవాళ్ళందరూ వేటకి వెళ్ళేవాళ్ళు. దొరికింది తెచ్చి ఇంటింటికీ సమంగా పంచుకునేవాళ్ళు. మరి ఉత్త చేతులతో వచ్చినవాడి గతేమిటి? ఆడవాళ్ళు గూడెం మొదట్లో కుండలు పెట్టుకుని కూర్చునేవాళ్ళు. కుండల నిండా పేడనీళ్ళు! వాడు రాగానే పాట పాడి, చప్పట్లు కొట్టి, నెత్తిన కుమ్మరించేవాళ్ళు. ఎవరూ కోపం తెచ్చుకోకూడదు. అది పండగ సరదా.

మొదటి ఏడు ఇరమయ్య బాణం చెట్టుకి తగిలింది. రెండో ఏడు పుట్టలో గుచ్చుకుంది. మూడో ఏడు, నవ్వకు మరి, గూడెం పెద్ద పొట్టయ్య తాత తలపాగాని ఎగరేసుకుపోయింది. మూడేళ్ళూ పేడనీళ్ళే. పైగా మూడో ఏడు వాడి మరదలు సుక్కి పాట కూడా కట్టింది.

"వేటకెళ్ళె మా బావ, వెదురు విల్లు పట్టుకుని
కూటికొచ్చె మా బావ, కూరాకు కోసుకుని!"

అందరూ నవ్వారు. పెళ్ళాం ఉంగమ్మ అయితే కడుపు పట్టుకుని నవ్వింది. ఇరమయ్యా నవ్వాడు. కానీ లోపల ఎక్కడో చురుక్కుమంది. 'వచ్చే ఏడు మీ అందరి నోళ్ళూ మూయిస్తా చూడండి' అనుకున్నాడు.

ఆ గూడెంలో వేటకి మూడు కట్టుబాట్లు ఉండేవి. బయల్దేరేముందు పొట్టయ్య తాత వాటిని గట్టిగా చెప్పేవాడు. నీళ్ళు తాగుతున్న జంతువుని కొట్టకూడదు. కడుపుతో ఉన్నదాన్నీ, పిల్లతో ఉన్నదాన్నీ కొట్టకూడదు. మేత వేసి మచ్చిక చేసి కొట్టకూడదు. అందరూ "సరే తాతా" అనేవాళ్ళు. ఇరమయ్య కూడా ఏటా "సరే తాతా" అనేవాడు.

ఆ తర్వాత వేసవి వచ్చింది. ఒకరోజు ఇరమయ్య అడవిలో తేనె చూసుకుంటూ తిరుగుతుంటే, మద్దిచెట్టు కింద ఒక పడుచు దుప్పి కనపడింది. ఒంటి నిండా తెల్లచుక్కలు. అప్పుడప్పుడే మొలుస్తున్న కొమ్ములు. ఇరమయ్యని చూడగానే చెంగున ఎగిరి మాయమైపోయింది.

అప్పుడు ఇరమయ్యకి ఒక పాడు ఆలోచన వచ్చింది. మర్నాడు గుప్పెడు జొన్నలూ, చిటికెడు ఉప్పూ తెచ్చి ఆ మద్దిచెట్టు కింద చల్లాడు. 'మేత వేస్తున్నానంతే. పండగనాడు ఇటు వస్తానో రానో ఎవరికి తెలుసు?' అని తనకి తనే చెప్పుకున్నాడు.

ముందు దుప్పి ఎవరూ లేనప్పుడు వచ్చి తిని వెళ్ళింది. ఆ తర్వాత ఇరమయ్య దూరంగా కూర్చున్నా వచ్చింది. ఆ తర్వాత వాడి అరచేతిలోంచే తినడం మొదలుపెట్టింది. వెచ్చటి మూతి, గరుకు నాలుక. అరచేతిలో చక్కిలిగింతలు పుడితే ఇరమయ్య కిలకిలా నవ్వేవాడు. దానితో ఇంటి సంగతులన్నీ చెప్పేవాడు.

ఇంట్లో ఉంగమ్మ జొన్నల గంప చూసి, "ఏమయ్యా, గింజలు ఇలా తరిగిపోతున్నాయేమిటి?" అంది.

"ఎలకలు ఉంగమ్మా."

"ఉప్పు కూడా తింటున్నాయా నీ ఎలకలు?"

ఇరమయ్య తల వంచుకుని బుట్ట అల్లడంలో పడ్డాడు.

కానీ బంగారూ, మేత ఒకరి కోసం వేస్తే ఒకరే వస్తారా? జొన్నల వాసనకి అడవి పందులు దిగాయి. చెట్టు కింద గింజలు అయిపోగానే గూడెం దాకా వచ్చి చిలగడదుంపల మడి దున్నిపారేశాయి. ఆ తర్వాత దుప్పి కూడా, ఇరమయ్య వాసన పట్టుకుని, గూడెంలోకే వచ్చింది. గంగి ముసలమ్మ ఇంటిముందు చిక్కుడుపందిరిని మూతి అందినంత మేర నున్నగా మేసేసి వెళ్ళింది. ఆ తర్వాత ఒక తెల్లవారి చూస్తే, మేకల దొడ్డి పక్కన చిరుతపులి అడుగులు! దుప్పులూ పందులూ ఎక్కడికి దిగితే అదీ అక్కడికే కదా దిగేది. ఆ రోజు నుంచీ పిల్లల్ని వాగు దగ్గరికి ఒంటరిగా పంపడం మానేశారు.

"ఈ ఏడు అడవికి ఏమొచ్చింది? ఇలా మీద పడుతోంది!" అని అందరూ అనుకున్నారు. ఇరమయ్యకి గుండెలో రాయి పడ్డట్టయింది. అయినా నోరు విప్పలేదు. పండగ దగ్గరికొచ్చేసింది మరి.

పండగ పొద్దున పొట్టయ్య తాత కట్టుబాట్లు చెప్పాడు. అందరూ "సరే తాతా" అన్నారు. ఇరమయ్య మాత్రం వంగి విల్లు తాడు సరిచేసుకున్నాడు. అందరూ ఒక దారిన వెళ్తే, వాడు విల్లు భుజాన వేసుకుని, జొన్నల మూట రొంటిన దోపుకుని, మద్దిచెట్టు దారి పట్టాడు.

దుప్పి వచ్చింది. ఇరమయ్య బాణం తొడిగాడు. చెట్టూ కాదు, పుట్టా కాదు, ఈసారి గురి తప్పేదే లేదు. కానీ అది ఆగితేగా! తిన్నగా నడుచుకుంటూ వచ్చి, విల్లు కింద నుంచి తల దూర్చి, వాడి రొంటిలో జొన్నల కోసం వెతికింది. వాడు ఒక అడుగు వెనక్కి వేశాడు. అది ఒక అడుగు ముందుకు వేసింది. "అట్టా కాదే, కాస్త దూరంగా నిలబడవే!" అన్నాడు. అది వాడి చెయ్యి నాకింది.

అప్పుడు ఇరమయ్య బాణం దించాడు. 'ఇది నా చేతి మేత తింది. నన్ను నమ్మి వచ్చింది. దీన్ని కొట్టి, కావడికి కట్టి, పాటలు పాడించుకుంటూ ఊరేగాలా నేను?' అనుకున్నాడు. విల్లు కింద పారేశాడు.

అంతలో పొదల అవతల అలికిడైంది. వేటగాళ్ళు ఇటే వస్తున్నారు. "వెళ్ళు, వెళ్ళిపో!" అని దుప్పిని తోశాడు. అది చెవులు రిక్కించిందే గానీ కదల్లేదు. మనిషంటే భయం మర్చిపోయింది కదా, ఎందుకు కదులుతుంది? ముందు వచ్చినవాడు బాణం ఎక్కుపెట్టాడు.

"కొట్టకండిరోయ్!" అని అరుస్తూ ఇరమయ్య దుప్పికి అడ్డంగా నిలబడ్డాడు.

పొట్టయ్య తాత వచ్చి చూశాడు. ఇరమయ్యనీ, వాడి రొంటిలో మూతి పెట్టిన దుప్పినీ, నేలమీద జొన్నగింజల్నీ చూశాడు.

"తప్పు చేశాను తాతా," అన్నాడు ఇరమయ్య. "మేత వేసింది నేనే. పందులు దిగింది నా వల్లే. చిరుత వచ్చిందీ నా వల్లే."

తాత వంగి నాలుగు గింజలు ఏరి చేతిలోకి తీసుకున్నాడు. ఆ తర్వాత అన్నాడు. "అడవి జంతువుకి భయమే కాపలా ఇరమా. పరిగెత్తేదాని వెంట మనమూ పరిగెత్తితే అది వేట. నువ్వు దాని కాపలా ఊడబీకావు. తీసింది నువ్వే కాబట్టి తిరిగి పెట్టాల్సింది నువ్వే."

"ఎలా పెట్టను?"

"నాకేం తెలుసురా? తరిమి చూడు!"

ఇరమయ్య గట్టిగా కేక పెట్టాడు. దుప్పి తల పక్కకి వంచి చూసింది. కొమ్మ విరిచి ఝళిపించాడు. అది ఆ కొమ్మ ఆకులు నమిలింది. పరిగెత్తాడు. అది కూడా వెనకాలే పరిగెత్తింది! వేటగాళ్ళు నవ్వాపుకోలేక చెట్లు పట్టుకున్నారు. అలా ఇరమయ్య ముందూ, దుప్పి వెనకా, గూడెం దాకా వచ్చేశారు.

గూడెం మొదట్లో ఆడవాళ్ళు కుండలతో సిద్ధంగా ఉన్నారు. సుక్కి పాట ఎత్తుకోబోయి నోరు తెరిచి అలాగే ఉండిపోయింది. "అక్కా, బావ వేటని నడిపించుకొస్తున్నాడే!" అంది.

ఉంగమ్మ దుప్పిని చూసింది. "ఓహో, ఇదా ఉప్పు తినే ఎలక!" అంది.

ఇరమయ్య చేతులు జోడించి, "ఉంగమ్మా, తర్వాత ఎన్నయినా తిట్టు. ముందు దీన్ని బెదరగొట్టండి. లేకపోతే ఎవడో ఒకడి బాణానికి పోతుంది," అన్నాడు.

ఇంక చూడు నాయనా! సుక్కి డోలు అందుకుంది. గంగి ముసలమ్మ తన చిక్కుడుపందిరి గుర్తొచ్చి రోకలితో చాట మీద బాదింది. పిల్లలు గిన్నెలు మోగించారు. ఉంగమ్మ పేడనీళ్ళ కుండ ఎత్తి ఒక్క ఊపున కుమ్మరించింది. సగం దుప్పి మీద, సగం మొగుడి మీద! దుప్పి ఉలిక్కిపడింది. ఒళ్ళు జాడించింది. కళ్ళు పెద్దవి చేసుకుని ఆ గోలంతా ఒక్కసారి చూసింది. అంతే, వాగు దాటి, రాళ్ళు దాటి, కొండమీదికి దౌడు తీసింది.

అందరూ ఒకటే కేరింతలు. ఇరమయ్య మాత్రం ముఖం తుడుచుకుంటూ అది వెళ్ళినవైపే చూస్తూ నిలబడ్డాడు. తుడిచింది పేడనీళ్ళో కన్నీళ్ళో ఎవరికీ తెలియలేదు.

ఆ ఏడు వేటగాళ్ళకి ఒక అడవి పంది దొరికింది. పంచేటప్పుడు ఇరమయ్య వెనక్కి తగ్గి నిలబడితే పొట్టయ్య తాత, "వాటా అందరికీ ఒకటే, పట్టు," అని మాంసం చుట్టిన ఆకు చేతిలో పెట్టాడు. మర్నాడు ఇరమయ్య గంగి ముసలమ్మకి కొత్త పందిరి వేసి చిక్కుడు గింజలు నాటాడు. చిలగడదుంపల మడి చదును చేసి తీగలు పాతాడు. మద్దిచెట్టు కింద మిగిలిన గింజలన్నీ ఏరేశాడు. తినడానికి గింజ దొరక్కపోయేసరికి పందులు కొండెక్కాయి. వాటి వెనకే చిరుతా వెళ్ళిపోయింది. పిల్లలు మళ్ళీ వాగులో ఈతలు కొట్టారు.

ఆ తర్వాత వానలు కురిశాయి. అడవంతా పచ్చగా అయిపోయింది. ఒకరోజు ఇరమయ్య వెదురు కోసం వెళ్ళాడు. వాగు అవతల గడ్డిలో చుక్కల దుప్పి మేస్తోంది. కొమ్ములు మూరెడు పెరిగాయి. ఇరమయ్య గుండె ఝల్లుమంది. పిలుద్దామని నోటిదాకా వచ్చింది. అయినా పిలవలేదు. కావాలనే కాలికింద ఒక ఎండుపుల్ల విరిచాడు.

దుప్పి తలెత్తి చూసింది. వాడినే చూసింది. తోక పైకెత్తి, ఒక్క గెంతు గెంతి, చెట్లలో కలిసిపోయింది.

అప్పుడు ఇరమయ్య వెదురు సంగతి మర్చిపోయి గూడెం దాకా పరిగెత్తాడు. "ఉంగమ్మా! ఒసే ఉంగమ్మా! నన్ను చూసి పారిపోయిందే!" అని నడివీధిలో గంతులు వేశాడు. ఉంగమ్మ డోలు తెచ్చి వాడి మెడలో వేసింది. ఇంక ఆ పొద్దంతా గూడెంలో ఆటే, పాటే.

దుప్పేమో కొండెక్కింది,
దీపమూ కొండెక్కింది,
కథ నడిచి కంచికెళ్ళింది,
కంటి మీద కునుకొచ్చింది.